రోడ్డు బండ్లది, కాలువ గట్టు మనదా?

(పలాసలో కార్యకర్తల సమావేశంలో మన తరఫున చేసిన ప్రసంగ పాఠం. మాట్లాడిన తీరులోనే అచ్చు వేస్తున్నాం.)



ఈరోజు మనం మాట్లాడబోయే సంగతి వింటే కొందరికి నవ్వు రావొచ్చు. భూమి గురించి చెప్తారనుకున్నాం, దాడుల గురించి చెప్తారనుకున్నాం, ఈళ్లేటి ఫుట్‌పాత్ అంటన్నారు అని. ఫుట్‌పాత్ అంటే విశాఖపట్నం బీచిరోడ్డులో పొద్దుటే బూట్లు తొడుక్కుని షుగరు తగ్గించుకోడానికి నడిచేవాళ్ల గొడవ కదా అని.

ఒక్కమాట అడుగుతాం. ఈ సమావేశానికి మీలో ఎంతమంది నడిచి వచ్చారు? బస్సులో వచ్చినా సరే, కాంప్లెక్సు దగ్గర దిగి ఇక్కడిదాకా నడిచిన వాళ్లు కూడా చేతులెత్తండి. (దాదాపు అన్ని చేతులూ లేచాయి.) చూశారా. నడక మనకి ఆరోగ్యం కోసం చేసే పని కాదు. నడక మన బండి, మన కూలి, మన బతుకు.

తెల్లారకముందే కాశీబుగ్గ వీధుల్లో ఎవరు నడుస్తారో ఒకసారి నిలబడి చూడండి. జీడి ఫ్యాక్టరీలకి పిక్కలు కొట్టడానికి, పప్పు ఒలవడానికి పోయే ఆడవాళ్లు గుంపులు గుంపులుగా నడుస్తారు. పలాస జీడిపప్పు దేశమంతా తింటాది. ఆ పప్పు ఒలిచిన చేతులు జీడి రసానికి నల్లబడి పొక్కిపోతాయి. ఆ చేతుల సంగతి మనం చాలాసార్లు మాట్లాడుకున్నాం. ఆ కాళ్ల సంగతి ఎప్పుడూ మాట్లాడలేదు. ఆళ్ల వెనకాలే మంచినీళ్లపేట, నువ్వలరేవు, భావనపాడు వైపు నుంచి చేపల గంపలు వస్తాయి. మందస కొండల మీంచి సవరలు పనసకాయలూ చింతపండూ మోసుకుని దిగుతారు. రెల్లి పేటల వాళ్లు చీపుళ్లు పట్టుకుని ఊరు లేవకముందే ఊడవడానికి బయల్దేరతారు. తొమ్మిదింటికి పుస్తకాల సంచులతో పిల్లలు.

ఇంకొకరున్నారు. ఉద్దానం కిడ్నీ రోగులు. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస, ఈ ఏడు మండలాల్లో ఈ జబ్బు లేని ఊరు వెతుక్కోవాలి. 2023 డిసెంబరు 14న పలాసలో రెండొందల పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం తెరిచారు. మంచిదే, అది ఏళ్ల తరబడి అడిగి అడిగి సాధించుకున్నది. కాని డయాలసిస్ అంటే ఒక్కసారితో తీరేది కాదు. వారానికి రెండుసార్లు, మూడుసార్లు, వచ్చినప్పుడల్లా నాలుగేసి గంటలు. మంచం దిగాక కళ్లు తిరుగుతాయి, బీపీ పడిపోతాది. అలాంటి మనిషి బస్సు కోసం రోడ్డు పక్కన నడవాలి. ఆసుపత్రికి కోట్లు పెట్టిన ప్రభుత్వం, రోగి ఆసుపత్రి గేటు నుంచి బస్సు దాకా ఎలా పోతాడో ఆలోచించిందా? ఆ మనిషికి కావలసింది నాలుగు మూరల చదునైన దారి, మధ్యలో కూలబడటానికి ఒక చెట్టు నీడ. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను ఉన్న చెట్లని కూడా కూల్చేసి పోయింది.

మిత్రులారా, దారి మీద నడిచే హక్కు మనకి ఎవరూ ఊరికే ఇవ్వలేదు. మన తాతలు పెద్ద వీధిలోకి వస్తే చెప్పులు చేత పట్టుకుని నడిచారు. కొన్ని వీధుల్లోకి అసలు రానివ్వలేదు. కేరళలో అయ్యంకాళి 1893లో ఎడ్లబండి కట్టుకుని, తలపాగా చుట్టుకుని నిషేధించిన రోడ్డు మీద బండి తోలుకుంటూ పోయాడు. తన్నులాట అయింది, అయినా బండి ఆగలేదు. 1924లో వైకోంలో జనం సత్యాగ్రహం చేసింది గుళ్లోకి పోవడానికి కాదు. గుడి చుట్టూ ఉన్న రోడ్డు మీద నడవడానికి! ఏడాదిన్నరకు పైగా జైళ్లకి పోతే, వరదనీళ్లలో నిలబడితే, 1925 చివరికి మూడు వైపుల దారులు తెరిచారు. తూర్పు దారి అప్పుడు కూడా తెరవలేదు.

అదే 1924లో మద్రాసు శాసనమండలిలో రెట్టమలై శ్రీనివాసన్ ఒక తీర్మానం పెట్టాడు. ఏ ఊళ్లోనైనా, ఏ పట్నంలోనైనా, ఏ కులం వాడైనా ప్రభుత్వ రోడ్డు మీద, వీధిలో, బాటలో నడవొచ్చు అని. ప్రభుత్వం దాన్ని ఉత్తర్వుగా వేసింది. అప్పటికి మన పలాస, టెక్కలి మద్రాసు రాజధానిలో, గంజాం జిల్లాలో ఉండేవి. అంటే ఆ కాగితం మన ఊళ్లకి కూడా వర్తించింది. వచ్చిందన్న సంగతి మన పేటలకి ఎవడూ చెప్పి ఉండడు, అది వేరే మాట. ఆ తరవాత బాబాసాహెబ్ రాజ్యాంగంలో 15వ అధికరణం రెండో భాగంలో బావులతో, చెరువులతో, స్నానఘట్టాలతో పాటు రోడ్లు కూడా రాయించాడు. చాలామంది ఆ అధికరణం చదివి బావి దగ్గరే ఆగిపోతారు. బావి పక్కనే రోడ్డు కూడా ఉంది, చూడండి. అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణలో కూడా, ఎస్సీ ఎస్టీలను రోడ్డు, దారి వాడుకోకుండా అడ్డగించడం నేరమని స్పష్టంగా ఉంది.

హక్కు వచ్చింది. ఇప్పుడు రోడ్డు మీద నడువు అంటే ఎక్కడ నడవాలి?

అప్పుడు కులం ఎదురుగా నిలబడి అడ్డు చెప్పేది. ఇప్పుడు బండి అడ్డం వస్తాది. బండికి కులం లేదంటారు కొందరు. బండి కొన్నది ఎవరు, షాపు మెట్లు రోడ్డు మీదకి దించింది ఎవరు, షాపు ముందు నాలుగు మోటారు సైకిళ్లకి జాగా ఉంచుకుని నడిచేవాడిని లారీ కిందకి నెట్టింది ఎవరు? ఎదర నుంచి బస్సు, వెనక నుంచి ఆటో, పక్కన మురుగుకాలువ. మనిషి కాలువ గట్టు మీద సర్కస్ చేసుకుంటూ పోవాలి. టెక్కలి బజార్లో ఒక పెద్దామ్మ మాతో అన్న మాట ఇది: ‘రోడ్డేటో పెద్దదయిపోనాది బాబూ, నడవడానికే జాగా నేకండా పోనాది.’ ఇంజినీర్లు వంద పేజీల్లో రాసేది ఆ తల్లి ఒక్క ముక్కలో చెప్పేసింది.

పాత వీధులు ఎలా పుట్టాయో ఆలోచించండి. అవి కాళ్ల కోసం, ఎడ్లబళ్ల కోసం ఏర్పడ్డ వీధులు. అరుగులుండేవి, అరుగు మీద కూచోవచ్చు, బండి వస్తే అరుగెక్కవచ్చు. తరవాత సిమెంటు రోడ్డు వచ్చింది. గోడ నుంచి గోడకి పోసేశారు. కొన్నేళ్లకి పాతదాన్ని తవ్వకుండా దాని మీదే ఇంకో పొర పోశారు. ఆ తరవాత ఇంకో పొర. వీధి పైకి లేచింది, ఇల్లు కిందకి దిగింది. వాన పడితే వీధి నీళ్లు ఇంట్లోకి వస్తాయి. ఇంటాయన ఇల్లు కాపాడుకోడానికి గుమ్మం ముందు ఎత్తుగా ర్యాంపు కడతాడు. పక్కింటాయన ఇంకొంచెం ఎత్తుగా కడతాడు. ముసలమ్మ ఆ మెట్లూ గుంటలూ ఎక్కలేక నడి రోడ్డులో నడుస్తాది. అప్పుడు హారన్ కొట్టి తిడతారు, ‘కళ్లు కనబడవా, పక్కకి తప్పుకో’ అని. ఏ పక్కకి?

నడిచేవాడినే తప్పుపట్టడం ఇక్కడే పుట్టిన విద్య కాదు. అమెరికాలో 1920లలో కార్లు జనాన్ని గుద్ది చంపుతుంటే ఊళ్లకి ఊళ్లు తిరగబడ్డాయి. అప్పుడు మోటారు వ్యాపారులు ఒక తిట్టుమాటని ప్రచారం చేశారు. రోడ్డు దాటే మనిషిని పల్లెటూరి మొద్దు అని ఎగతాళి చేసే మాట అది. ఆ మాటతోనే రోడ్డు జనం చేతిలోంచి బండి చేతిలోకి పోయింది. మొద్దు, మోటు, నడవడం రాదు, మర్యాద తెలీదు! ఈ మాటలు మనం ఎక్కడో విన్నట్టు లేదూ?

మన పేటల సంగతి ఇంకో రకం. ఎస్సీ సబ్‌ప్లాన్ చట్టం 2013లో వచ్చింది. 2023లో ఇంకో పదేళ్లకి పొడిగించారు. ఆ డబ్బు ఎక్కడ పెట్టారని అడిగితే ముందు చూపించేది సీసీ రోడ్డే. శిలాఫలకం ఉంటాది, దాని మీద పేర్లుంటాయి. కాని ఆ రోడ్డు చాలా చోట్ల పేట మొగలో మొదలై పేట చివర్లో ఆగిపోతాది. పక్కన కాలువ ఉండదు, ఉన్నా దాని మీద పలకలు ఉండవు, పేట నుంచి బడికి, బజారుకి, బస్సుకి పోయే దారి మాత్రం పాతదే. మనకి రోడ్డు వేశామని లెక్క రాసుకున్నారు. ఆ లెక్కలో మన నడక లేదు.

ఇక హైవే. ఒకప్పటి 5వ నెంబరు జాతీయ రహదారి, ఇప్పుడు 16వ నెంబరు. నాలుగు వరుసలు. మన ఊళ్లకి అది రోడ్డు కాదు, ఏరు. ఊరు ఒకపక్క, పొలం ఒకపక్క; పేట ఒకపక్క, బడి ఒకపక్క. బండ్లు తిరగడానికి డివైడర్లో సందు ఉంటాది. మనిషి దాటడానికి ఎక్కడ చోటుంది? కిలోమీటరు అవతల అండర్‌పాస్ ఉంది, అక్కడికి పోయి దాటమంటారు. నెత్తిమీద గంపతో కిలోమీటరు పోయి, కిలోమీటరు వెనక్కి రావాలి. ఆ మాట చెప్పినవాడు ఒక్కసారి గంప ఎత్తుకుని చూపించాలి.

దేశం లెక్క చూడండి. 2023లో రోడ్డు ప్రమాదాల్లో 1,72,890 మంది చచ్చిపోయారు. అందులో 35,221 మంది నడిచిపోతున్నవాళ్లే. కేంద్ర ప్రభుత్వం అచ్చువేసిన లెక్క ఇది. ప్రతి అయిదుగురిలో ఒకరు. చనిపోయినవాడి కులమేమిటి, కూలి ఎంత, ఆ లెక్కలో రాయరు. కాళ్ల మీద ఎవరు బతుకుతున్నారో తెలిసిన మనకి అది రాయకపోయినా తెలుస్తాది.

జనం నడిచే చోటుకి కొలత లేకపోతే ఏమవుతాదో మన కాశీబుగ్గే చూసింది. 2025 నవంబరు 1న, కార్తీక ఏకాదశి నాడు, వెంకటేశ్వరస్వామి గుడిలో వెళ్లే జనం, వచ్చే జనం ఒకే ఇరుకుదారిలో చిక్కుకుని, రెయిలింగు ఊడి, తొక్కిసలాటలో తొమ్మిది మంది చచ్చిపోయారు. ఎక్కువమంది ఆడవాళ్లే. గుడి సంగతి, దేవుడి సంగతి ఇక్కడ మాట్లాడటం లేదు. మెట్టు ఎంత వెడల్పుండాలి, దారి ఎన్ని వైపులుండాలి అన్నది ప్రాణం సంగతి అని మాత్రం చెప్తున్నాం.

ఇప్పుడు చట్టం ఏం చెప్తోందో వినండి. 2025 మే 14న సుప్రీంకోర్టు, అడ్డంకులు లేని ఫుట్‌పాత్ మీద నడిచే హక్కు 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమని చెప్పింది. అదే సంవత్సరం అక్టోబరు 7న, నడిచేవాళ్ల రక్షణకి మోటారు వాహనాల చట్టం కింద ఆరు నెలల్లో రూల్సు తయారు చెయ్యాలని రాష్ట్రాలను ఆదేశించింది. ఫుట్‌పాత్‌ల తనిఖీ మాత్రం ముందు 50 పెద్ద నగరాల్లో చెయ్యమంది. ఆ యాభైలో పలాస ఉండదు, టెక్కలి ఉండదు. కాబట్టి మన తనిఖీ మనమే చేసుకోవాలి.

కొలత కష్టమేం కాదు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ అని ఇంజినీర్ల సంస్థ ఒకటుంది, ప్రభుత్వం రోడ్లు వేసేది దాని పుస్తకాలు చూసే. ఫుట్‌పాత్ మీద అడ్డం లేకుండా నడిచే జాగా కనీసం 1.8 మీటర్లు ఉండాలని దాంట్లో ఉంది. అంటే నాలుగు మూరలు. ఎదురెదురుగా ఇద్దరు తగలకుండా పోవాలి, చక్రాల కుర్చీ పోవాలి. ఎత్తు 150 మిల్లీమీటర్లు మించకూడదు. అంటే ఆరంగుళాలు, రెండు బెత్తెలు. మోకాలెత్తు కడితే ముసిలాళ్లు ఎక్కరు, ఎక్కలేరు. కరెంటు స్తంభం, ట్రాన్స్‌ఫార్మరు ఆ నాలుగు మూరల్లో ఉండకూడదు. తాడుకి నాలుగు మూరల దగ్గర ముడి వేసుకుని వీధిలో పట్టి చూడండి. ఎన్నిచోట్ల ముడి దాకా జాగా ఉంటాదో!

ఇరుకు వీధిలో నాలుగు మూరలు ఎక్కడి నుంచి తెస్తారని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. అలాంటి వీధిలో రోడ్డు ఎత్తు పెంచకుండా, పాత పొర తవ్వి తీసి, వీధంతా ఒకే చదునుగా చేసి, బండ్ల వేగం తగ్గించాలి. కొన్ని వీధుల్లో ఒకవైపే బండ్లు పోవాలి, సంత రోజున అసలు పోకూడదు. కొలంబియా దేశంలో బొగోటా అనే ఊరుంది. మన దేశం లాంటిదే, కార్లు ఫుట్‌పాత్ ఎక్కి నిలబడేవి. 1998 తరవాత అక్కడి మేయరు ఫుట్‌పాత్‌ల మీంచి కార్లని దింపేశాడు, షాపులవాళ్లు గోల పెట్టినా. బీదదేశంలో కాదన్నది చెయ్యలేక కాదు, చెయ్యాలని లేక.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. ఈ సమావేశం పెట్టింది ముఖ్యంగా ఇందుకే.

మనం ఫుట్‌పాత్ కావాలని అర్జీ పెడితే ఆఫీసు వాళ్లు ముందు చేసే పనేంటి? ఆక్రమణల తొలగింపు! జేసీబీ వస్తాది. ఎవరి మీదకి? మూడంతస్తుల షాపు మెట్ల మీదకి రాదు. చెప్పులు కుట్టేవాడి గొడుగు మీదకి, అరటిపళ్లు అమ్మే రెల్లి తల్లి బండి మీదకి, చేపల గంప మీదకి వస్తాది. మన అర్జీతో మన కడుపే కొడతారు. తరవాత ‘మీరే కదా అడిగారు’ అంటారు.

అందుకని అర్జీలో మొదటి వాక్యమే ఇలా రాయాలి: షాపుల మెట్లు, ర్యాంపులు, పార్కింగు, స్తంభాలు ముందు తీయండి, వీధి వ్యాపారులను చట్టప్రకారం సర్వే చేసి జాగా చూపించకుండా ముట్టుకోవద్దు. ఇది మనం దయ అడగడం కాదు. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం సర్వే పూర్తయి గుర్తింపు పత్రాలు ఇచ్చేదాకా ఎవరినీ లేపకూడదు. లేపాలన్నా, వేరేచోటికి మార్చాలన్నా ముప్పై రోజుల నోటీసు ఇవ్వాలి. పట్టణ వెండింగ్ కమిటీలో నూటికి నలభై మందికి తగ్గకుండా వ్యాపారులే ఉండాలి, ఆ వ్యాపారుల్లో మూడోవంతు ఆడవాళ్లు ఉండాలి, ఎస్సీ ఎస్టీలకి చోటుండాలి. మన ఊళ్లో ఆ కమిటీలో ఎవరున్నారు, ఆఖరి మీటింగు ఎప్పుడు జరిగింది, సమాచార హక్కు కింద ఒక కాగితం పెట్టి అడగండి. నాలుగు మూరలు నడకకి వదిలి, దాని అంచున గంప పెట్టుకుంటే ఇద్దరికీ మంచిదే. నడిచేవాడే కదా కొనేవాడు. కారులో పోయేవాడు చేపల గంప దగ్గర ఆగడు.

రెండో జాగ్రత్త. కాలువ మీద పలకలు వేస్తే అదే ఫుట్‌పాత్ అని చూపిస్తారు. వెయ్యనివ్వండి, కాని ఎత్తి దించే పలకలు వెయ్యాలి. సిమెంటుతో శాశ్వతంగా మూసేస్తే రేపు పూడు తియ్యడానికి ఎవరిని దింపుతారు? మన పిల్లాడినే. మీద నడిచేవాడి సుఖం కోసం కింద మనిషి పాకకూడదు. రక్షణ లేకుండా మురుగులోకి మనిషిని దించడం 2013 చట్టం ప్రకారం నేరం. మురుగులో చచ్చిపోతే 30 లక్షలు ఇవ్వాలని 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు చెప్పింది. మనకి ఆ ముప్పై లక్షలు వద్దు, మనిషి కావాలి.

కార్యకర్తలకి ఒక పని సంగతి. గుద్ది పారిపోయిన బండి దొరక్కపోతే కేసు లేదు, డబ్బు లేదు అని మన జనం ఏడ్చి ఊరుకుంటున్నారు. 2022 ఏప్రిల్ 1 నుంచి ఆ కేసుల్లో చనిపోతే రెండు లక్షలు, పెద్ద దెబ్బ తగిలితే యాభై వేలు ఇవ్వాలి. దరఖాస్తు ఆ ప్రాంతపు రెవెన్యూ అధికారికి పెట్టాలి, మంజూరు కలెక్టరు దగ్గర. టెక్కలిలో ఆర్డీవో ఆఫీసు ముందు నుంచీ ఉంది, 2022 నుంచి పలాసలో కూడా ఉంది. బండి దొరక్కపోయినా ఎఫ్ఐఆర్ రాయించాలి, అది లేకపోతే ఏదీ కదలదు. 2025 మే నుంచి ప్రమాదం జరిగిన మొదటి ఏడు రోజుల్లో లక్షన్నర దాకా డబ్బు కట్టకుండా వైద్యం చేయించే పథకం కూడా ఉంది. ఆసుపత్రిలో ముందు డబ్బు కట్టమంటే ఈ మాట గట్టిగా చెప్పండి. రోడ్డు తప్పుగా వేసినందుకు ప్రాణం పోతే, వేసిన కాంట్రాక్టరుకి, అధికారికి లక్ష రూపాయల దాకా జరిమానా వెయ్యొచ్చని మోటారు వాహనాల చట్టం 198-ఎ సెక్షను చెప్తోంది. 2019లో వచ్చిన సెక్షను అది. ఎక్కడైనా వాడారా అని అడగడం మొదలుపెడదాం.

మనం ఇప్పుడు చేయబోయేది ఇది. వచ్చే ఆదివారం పొద్దుట ఆరింటికి ప్రతి పేట నుంచి పదిమంది బయల్దేరతారు. పేట మొగ నుంచి బడికి, బడి నుంచి కాంప్లెక్సుకి, కాంప్లెక్సు నుంచి ఆసుపత్రికి నడుస్తారు. పదిమందిలో ఒక ముసలామె ఉండాలి, కాలు సరిగ్గా లేనివాళ్లు ఒకరుండాలి, బడికెళ్లే పిల్ల ఉండాలి, జీడి పనికి పోయే అమ్మ ఉండాలి. కుర్రాళ్లు ముందు పరిగెత్తొద్దు. ముసలామె నడకే అందరి నడక. ఎక్కడ ఆమె ఆగిపోయిందో అక్కడ సుద్దతో గీత గీసి, ఎందుకు ఆగిందో నోటుబుక్కులో రాయండి. మూత లేని కాలువా, ర్యాంపా, లైటు లేదా, బండి నిలబెట్టారా. అదే దారిలో రాత్రి ఏడు దాటాక ఆడవాళ్లు ఇంకోసారి నడవాలి, చీకట్లో కనిపించేవి వేరు.

ఆ నోటుబుక్కులన్నీ పదిహేను రోజుల్లో ఇక్కడికి తీసుకురండి. మన పేటల కాగితం మన అక్షరాలతోనే ఉండాలి, తప్పులున్నా పరవాలేదు. వాటితో సోమవారం గ్రీవెన్సుకి పోదాం, నడిచే పోదాం. ఎవరూ ఆటో ఎక్కొద్దు. తాళ్లు అక్కడ బల్ల మీద ఉన్నాయి, ముడి వేసే ఉంది, వెళ్లేటప్పుడు పేటకి ఒకటి చొప్పున పట్టుకెళ్లండి.

జై భీమ్.